వినోద మార్కా

ఇంకోసారి వింటే మాటలు మారతాయేమోనని మళ్లీ విన్నాను. మారలేదు. అదే దగ్గు, అదే "అరే సదా", మధ్యలో మా వంటింట్లో కుక్కరు కూత కూడా అదే. అంటే నేను పక్క గదిలోనే ఉన్నాను. పప్పు ఉడకేసి, ఉల్లిగడ్డలు కోసుకుంటూ, బహుశా ఏదో గొణుక్కుంటూ ఉన్నాను. గోడకు అవతల నా మొగుడు ఫోనును నోటి దగ్గర పెట్టుకుని ఈ మాటలు మాట్లాడుతున్నాడు. ఇప్పుడు ఆ మొగుడు లేడు, కుక్కరు ఉంది, నేనున్నాను. కరీంనగర్ కోర్టు వరండాలో సిమెంటు బెంచీ మీద కూర్చుని, మా వకీలు కావ్య ఇచ్చిన ఫోను తీగలు చెవుల్లో దోపుకుని, మళ్లీ మళ్లీ అదే వింటున్నాను. భోజనాల విరామం కాగానే జడ్జిగారు లోపలికి పిలిపించి నన్నే అడుగుతారట, ఈ గొంతు మీ ఆయనదేనా కాదా అని. అవునంటే కేసు పోయినట్టే. కాదంటే మాత్రం అవతలివాళ్లు రుజువు చేసుకోలేక ఏళ్లు తిరగాలి. "మీరు జర ఆలోచించుకోండ్రి మేడమ్, నేను గిట్ల తినొస్త" అని కావ్య పోయింది. ఏం ఆలోచించాలి తల్లీ? ఎదురుగా ఎవరో టిఫిను డబ్బా మూత తీశారు, పచ్చిపులుసు వాసన వచ్చింది.

మొదటి క్షణం మాత్రం, ఒట్టు, సంతోషమే. ఆయన పోయి రెండేళ్లయింది, గోపాల్ గొంతు అనేది నా దగ్గర ఎక్కడా లేదు. ఆ రోజు ఆసుపత్రి గడబిడలో ఫోను ఎక్కడ పడిందో దొరకలేదు. పెళ్లి వీడియోలో ఆయన ఉన్నాడు గానీ దాని నిండా సన్నాయి మోతే. నా ఫోనులో వెతికాను, నాకు పంపినవన్నీ అక్షరాలే, "లేటయితది", "పెరుగు తెస్త", ఇంతే. అందుకే కావ్య మీట నొక్కగానే ఆ దగ్గు వినబడితే నా గుండె ఆగినంత పనయింది. అయ్యో, వచ్చావా అనుకున్నాను. చుట్టూ నల్లకోట్లు తిరుగుతున్నాయని కూడా చూడకుండా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను, సంతోషంతో ఏడ్చాను. ఆ తర్వాత మాటలు వినబడ్డాయి. "అరే సదా, గీసారి నేను రాలేనురా. ఛాతిల జర పట్టేసినట్టున్నది, డాక్టరు తిరగొద్దన్నడు. ఇంట్ల చెప్పలే, పరేషాన్ అయితది. నువ్వే పోయి ధర్మపురి గంగల ఆమె పేరు మీద నా వంతు గూడ ఒక దోసెడు నీళ్లిడువు. ఇంకో మాటరా. ఎప్పటికన్న మనం ఏరుపడితె, మార్కా నీదే. నీ చెల్లె పేరది, నేనెందుకు అడుగుత? నాకేం తక్కువ, ఇంట్ల పొద్దుందాక పిలుస్తనే ఉన్న గద గా పేరు. గది సాలు నాకు." అంతే. ఆ తర్వాత కుక్కరు ఇంకో కూత వేసింది, అక్కడితో అయిపోయింది.

నా పేరు వినోద. మా మిల్లు నుంచి పోయే ప్రతి దూది బేలు మీదా ఉండే పేరూ వినోదే. ఆదిలాబాద్‌లో పత్తి తెలిసిన ఎవరినైనా అడగండి, వినోద మార్కా అంటే చెబుతారు. పత్తిని జిన్నింగు చేసి గింజ తీసేశాక, దూదిని ప్రెస్సులో నొక్కి, తెల్లగుడ్డ చుట్టి, ఇనుప తీగ బిగిస్తారు కదా, దాని మీద అక్షరాలు కత్తిరించిన రేకు పెట్టి నల్లరంగు కుంచెతో కొడతారు. అదే మార్కా. తమిళనాడు నూలు మిల్లులవాళ్లు ఫోను చేసి, వినోద అయితే పంపండి, వేరేదైతే వద్దు అనేవాళ్లు. మా ఆయనా సదానందమూ కలిసి పెట్టిన మిల్లు అది. చిన్నప్పటి దోస్తులు, ఒకే పళ్లెంలో తిన్నవాళ్లు. మా ఆయన పోయాక సదానందం నాతో కలిసి నడపలేనన్నాడు, తన వాటా తీసుకుని జమ్మికుంటలో సొంతంగా మిల్లు పెట్టుకున్నాడు. పెట్టుకోనీ, నాకేం బాధ లేదు. కానీ ఆయన మిల్లు నుంచి మొదటి లారీ బయలుదేరిన రోజే ఎవరో ఫొటో పంపారు, బేళ్ల మీద నల్లగా వినోద, వినోద, వినోద. నా ఒళ్లు మండిపోయింది. వరసకు అన్న లాంటివాడు, నా చేతి కూడు తిన్నవాడు, నా పేరే ఎత్తుకుపోతాడా? నా మొగుడు నా మీద ప్రేమతో పెట్టుకున్న పేరు! మిల్లులో అందరి ముందూ చెంగు దోపి, "నా పేరు నాకు తెచ్చుకునేదాంక నిద్రపోను" అన్నాను. ఆ మాట నేనే అన్నాను, ఇంకెవరో కాదు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రావడం లేదు, సిగ్గుతో చెవులు కాలుతున్నాయి.

డిస్కవరీ అంటే నాకు టీవీలో పులి జింక వెంటపడే చానలే తెలుసు. కావ్యే చెప్పింది, కోర్టులో కూడా అలాంటిదొకటి ఉందని. "మన దగ్గరున్నయి మనం ముంగటేయాలె, వాళ్ల దగ్గరున్నయి వాళ్లు ముంగటేయాలె. మనకు లాభం చేసేవే కాదు మేడమ్, మనల్ని ముంచేవి గూడ" అంది. చెప్పింది పాపం, చెప్పలేదని అనను. ఖర్చవుతుంది, నెలలు పడుతుంది, ఏమొస్తదో మన చేతిలో ఉండదు అని కూడా అంది. నేను వింటేనా? సదానందం జవాబులో మార్కా తనదని రాశాడు గానీ ఎందుకు తనదో ఒక్క ముక్క రాయలేదు. కావ్య అది చదివి నవ్వింది. ఈయన దగ్గర ఏ కారణమూ లేదు మేడమ్ అంది, నేనూ నవ్వాను. దొంగకు కారణం ఎక్కడినుంచి వస్తుంది అనుకున్నాను. మార్కా గురించి మా ఆయనా ఈయనా మాట్లాడుకున్నవన్నీ, ఫోనులో పంపుకున్న మాటలతో సహా, బయట పెట్టించమని పట్టుబట్టాను. అందుకు నా ఫోను కూడా ఇవ్వాల్సి వచ్చింది. హైదరాబాద్‌లో చదువుతున్న నా బిడ్డకు నేను పంపిన మాటలు, మా అవ్వతో తగాదాలు, ఎవరి కోడలు ఎవరిని ఏమన్నదో అన్నీ అవతలి వకీళ్ల జూనియర్లు కూర్చుని విన్నారట. మోకాళ్ల నొప్పులకు నేను రాసుకునే తైలం పేరు కూడా వాళ్లకు తెలుసు. ఫరవాలేదు, విననీ, నా దగ్గర దాచేదేముంది అనుకున్నాను. దాచేది నా దగ్గర లేదు, నిజమే.

సదానందం ఎంత మొత్తుకున్నాడో ఇప్పుడు గుర్తొస్తోంది. వాళ్ల వకీలు అభ్యంతరం పెట్టాడు, అవి సొంత మాటలు, వ్యాపారానికి సంబంధం లేదని. జడ్జిగారు సంబంధం ఉన్నవి తీసి ఇవ్వాల్సిందే అన్నారు. ఆ రోజు ఇంటికి పోయి చక్కెర పొంగలి చేసుకుని తిన్నాను నేను. ఆ తర్వాత సదానందం మార్కెట్ యార్డులో కమీషన్ వ్యాపారం చేసే హనుమంతును నా దగ్గరికి పంపాడు. హనుమంతు మా ఇంట్లో చాయ్ తాగి, కప్పు కింద పెట్టి, "ఫోను సంగతొక్కటి ఇడిచిపెట్టుమన్నడమ్మా. ఇంకేమన్న అడుగుమను, ఇస్తనంటుండు. చెల్లెకు మంచిది గాదంటుండు" అన్నాడు. నేనేమన్నానో తెలుసా? "భయపడుతుండు. గట్టిగ పట్టుకుంటె ఊడొస్తది" అన్నాను. ఊడొచ్చింది. తన కేసును గెలిపించే మాట తన ఫోనులోనే పెట్టుకుని, ఓడిపోవడానికైనా సిద్ధపడి, బయట పెట్టనని ఆ మనిషి కొట్లాడాడు. బలవంతంగా గుంజి బయటికి లాగింది నేను. నా పట్టుదలకు ఎవరైనా వచ్చి దండం పెట్టాలి.

ఆయనకు వినోద ఎవరో తెలుసు. వాళ్ల చెల్లె. సొంత చెల్లె. నేను ఆమె ఫొటో చూశాను, ఎన్నిసార్లు చూశానో. సదానందం ఇంట్లో దేవుడి అర పక్కన దండ వేసిన ఫొటో, రెండు జడలు, పెద్ద కళ్లు, మెడలో నల్లపూసల్లేవు. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఎవరని అడిగాను. సదానందం భార్య జమున "మా ఆడబిడ్డ, పెండ్లికి ముంగట కామెర్లయి పోయింది" అంది. అంతే, పేరు చెప్పలేదు, నేను అడగలేదు. మన దగ్గర ఎవరు పేరు పెట్టి పిలుస్తారు? ఆడబిడ్డ, యారాలు, మరదలు, పెద్దవ్వ, చిన్నవ్వ, ఫలానా వాళ్ల బిడ్డ. మనిషి మొత్తం బతుకంతా వరసల్లోనే అయిపోతుంది, పేరు రేషన్ కార్డుకే. ఇరవై ఏళ్లకు పైన ఆ ఇంటికి పోతూ వస్తూ, ఆ ఫొటో ముందు కూర్చుని సకినాలు తింటూ, ఆ పిల్ల పేరు నాకు తెలియదు. ఎవరితోనో పెళ్లి కుదిరింది కదా, ఆ పిల్లగాడు ఎవరు అని కూడా నేను అడగలేదు. పెళ్లికి ముందు అంటే ఎవరితో పెళ్లికి? ఓరి దేవుడా. ఎవరితో పెళ్లికో ఇప్పుడు ఈ బెంచీ మీద తెలుస్తోంది.

మరి నాకు ఈ పేరు ఎట్లా వచ్చింది? నేను పుట్టింది బోథ్ దగ్గర, మా బాపు ఎల్లేశం పత్తి పండించేవాడు, నాకు పెట్టిన పేరు సరోజన. మా అత్తది మహారాష్ట్ర పాండర్‌కౌడా. వాళ్లలో ఒక ఆచారముంది, పెళ్లిలో పళ్లెం నిండా బియ్యం పోసి, పెళ్లికొడుకు ఉంగరంతో ఆ బియ్యంలో పెళ్లికూతురికి కొత్త పేరు రాస్తాడు. మాకు లేదు. మా అవ్వ మూతి తిప్పి, "గిదేం ఆచారమే, మేం పెట్టిన పేరుకేమయింది" అని గొణిగింది. నాకు మాత్రం గమ్మత్తుగా అనిపించింది. సరోజన పాతకాలం పేరని నాకే నచ్చేది కాదు. గోపాల్ ఉంగరం తీశాడు, వంగాడు, ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. వి, నో, ద. మా అత్త వంగి చూసి, "హే కాయ్ రే గోపాల్?" అంది. ఇదేంట్రా అని. బియ్యం కింద పోసుకున్నాడని కోప్పడుతోంది అనుకున్నాను. ఆమె మొహం నల్లగా మాడిపోయింది. ఆయన తల ఎత్తలేదు. పక్కనే కూర్చున్న సదానందం లేచి బయటికి పోయాడు, భోజనాల దగ్గర ఎక్కడా కనబడలేదు, నీళ్ల ట్యాంకరు చూడటానికి పోయాడన్నారు ఎవరో. చుట్టూ మా చుట్టాల ఆడవాళ్లు "మంచి పేరు, మంచి పేరు" అన్నారు. నేను తల వంచుకుని నవ్వుకున్నాను, పిచ్చిదాన్ని. మా ఆయన నా కోసం ఎన్ని రాత్రులు ఆలోచించి పెట్టాడో ఈ పేరు అనుకున్నాను.

ఆ తర్వాత మిల్లు. పెళ్లయిన కొత్తలో ఒకరోజు నన్ను మిల్లుకు తీసుకుపోయాడు. సీజను, ఆవరణ నిండా పత్తి బండ్లు, గాలిలో దూది పొట్టు తేలుతోంది, జుట్టు మీద, కనురెప్పల మీద, నోట్లో కూడా. ప్రెస్సు పక్కన బేళ్లు వరసగా పేర్చి ఉన్నాయి, ఒక్కోదాని మీద నా పేరు. నాకు నేల మీద కాళ్లు నిలవలేదు. పత్తిలో చెత్త ఏరే చంద్రవ్వ నా చెయ్యి పట్టుకుని, "నీ పేరు మోసుకపోతున్నయమ్మ లారీలు, రాణివి నువ్వు" అంది. ఆయన వైపు చూశాను. ఆయన బేళ్ల వైపు చూస్తున్నాడు. సిగ్గుపడుతున్నాడు అనుకున్నాను. కానీ ఆ అక్షరాల రేకు అంచులు అప్పటికే తుప్పు పట్టి ఉన్నాయి కదా! నేను చూశాను, ఈ కళ్లతోనే చూశాను, రంగు గట్టిపడి పెచ్చులు కట్టి ఉంది. మా పెళ్లికి ముందు సీజనులోనే మిల్లు మొదలైంది, అప్పటినుంచీ ఆ రేకే వాడుతున్నారు. బేళ్లకు ముందు కొట్టారు, తర్వాత నాకు కొట్టారు. ఈ సంగతి ఇరవై ఏళ్లలో ఒక్క రోజైనా నా బుర్రకు తట్టలేదేమిటి? లెక్కల్లో పది రూపాయల తేడా వస్తే గుమస్తాలను నిద్రపోనివ్వనిదాన్ని!

ఛీ, ఎంత దగా. ఏటా మాఘమాసంలో మా ఆయనా సదానందమూ ధర్మపురి పోయేవాళ్లు. నరసింహస్వామి మొక్కు అనేవాళ్లు. తెల్లవారకముందే లేచి పులిహోర కలిపి కట్టిచ్చేదాన్ని నేను. ఒకసారి నేనూ వస్తానన్నాను. "ఆడోళ్లు రావద్దన్నది మొక్కు" అన్నాడు మా ఆయన, సదానందం చెప్పులు వేసుకుంటూ తల పక్కకు తిప్పుకున్నాడు. నేనేమో దేవుడి విషయం కదా అని లెంపలు వేసుకున్నాను! నా చేత్తో కలిపిన పులిహోర తీసుకుపోయి గోదావరి ఒడ్డున కూర్చుని, ఆ పిల్లకు నీళ్లు వదిలి, తిని, చేతులు కడుక్కుని వచ్చేవాళ్లన్నమాట. వచ్చి "వినోదా, చాయ్ పెట్టు" అనేవాడు. ఆ పిలుపులో ఎప్పుడూ ఒక మెత్తదనం ఉండేది. మా వదినలు కుళ్లుకునేవాళ్లు, మీ ఆయన పిలుపు వింటే చాలు అనేవాళ్లు. నేను మురిసిపోయేదాన్ని. ఆ మెత్తదనం మీదే కదా నేను ఇన్నేళ్లు బతికింది. చీరలు కొనకపోయినా, సినిమాకు తీసుకుపోకపోయినా, మాట తక్కువ మనిషైనా, పేరు పిలిచేటప్పుడు మాత్రం నోట్లో బెల్లం పెట్టుకున్నట్టు పిలుస్తాడు అనుకునేదాన్ని. పొద్దుందాక పిలుస్తనే ఉన్న గద, గది సాలు నాకు. నీకు చాలు, సరే. నాకో?

ఛాతీ పట్టేసిందని కూడా నాకు చెప్పలేదు. సదాకు చెప్పాడు. ఇంట్లో పరేషాన్ అవుతుందని చెప్పలేదట. నాకు తెలిసి ఉంటే ఆ ఏడాదే హైదరాబాద్ తీసుకుపోయి చూపించేదాన్ని, బతికేవాడేమో! అదీ నాకు కోర్టే చెప్పాలా? ఆ రోజు అంబులెన్సులో ఆయన తల నా ఒళ్లో ఉంది. ఒళ్లంతా చెమట. కళ్లు మూసుకునే "వినోదా" అన్నాడు. "గీన్నే ఉన్న, గీన్నే ఉన్న" అన్నాను, చెంపలు తట్టాను. ఇంకోసారి "వినోదా" అన్నాడు, అంతే, ఇంకేం మాట్లాడలేదు. ఆ ఒక్క మాట పట్టుకుని నేను రెండేళ్లు లాక్కొచ్చాను. చివరికి నన్నే తలుచుకున్నాడు అని పరామర్శకు వచ్చిన ప్రతి మనిషికీ చెప్పాను, మా బిడ్డకు చెప్పి ఏడిపించాను. ఎవరిని పిలిచాడు ఆయన? అయ్యో, ఎవరిని? గీన్నే ఉన్న అని నేను పలికాను గానీ ఆయన అడిగింది నన్నేనా? ఈ ప్రశ్నకు ఏ కోర్టులో ఎవరి ఫోను బయట పెట్టించాలి ఇప్పుడు? ఇంత తవ్వించిన కోర్టు ఆ ఒక్కటి తేల్చలేదు. మిల్లు నడిపినదాన్ని కదా, లాభనష్టాలు చూడకుండా ఉండలేను. లాభం చూస్తే ఆయన గొంతు దొరికింది. నష్టం చూస్తే ఆ గొంతు నన్ను పిలిచిన పిలుపులన్నీ పోయాయి.

కావ్య వచ్చింది, చేతులు కర్చీఫుతో తుడుచుకుంటూ నా పక్కన కూర్చుంది. నా మొహం చూసి నీళ్ల సీసా మూత తీసి ఇచ్చింది. వయసులో చిన్నది, మా బిడ్డకంటే నాలుగైదేళ్లు పెద్దదేమో. గొంతు తగ్గించి, "మేడమ్, గోపాల్ సారు ఫోను మన దగ్గర లేదు. గీ గొంతు ఆయనదే అని గట్టిగ చెప్పగలిగేది మీరొక్కరే. సరిగ్గ తెలుస్తలేదు, గుర్తువడుతలేను అని అంటె సాలు. వాళ్లు పరీక్షకు పంపాలె, పోల్చనీకి సారు గొంతు ఇంకోటి కావాలె, అది ఎవల దగ్గర లేదు. మార్కా మీ దగ్గర్నే ఉంటది" అంది. గుర్తుపట్టలేను అనాలట. అబద్ధమేమీ కాదు కదా అనిపించింది ఒక్క క్షణం. ఇంత ఆర్తిగా, ఇంత పొడుగ్గా, మనసు విప్పి మా ఆయన నాతో ఎన్నడు మాట్లాడాడు? ఈ మాట్లాడిన మనిషిని నేను ఎరుగనే ఎరుగను. దేవుడి మీద ఒట్టేసి చెప్పొచ్చు. చెబితే పేరు నాదే అవుతుంది, కోర్టు ముద్ర వేసి మరీ ఇస్తుంది, జమ్మికుంటలో రేకులన్నీ విరగ్గొట్టిస్తుంది. ఎవరికీ ఏమీ తెలియదు. సదానందం చెప్పడు, ఆయన ఇన్నాళ్లూ చెప్పలేదు.

"నీకెట్ల అనిపించింది, ఇన్నంక?" అని అడిగాను కావ్యను. "నాదేమున్నది మేడమ్" అంది, కానీ కళ్లు దించుకుంది. అంటే ఈ పిల్లకూ జాలే. వాళ్ల జూనియర్లకూ జాలే. వరండాకు ఆ చివర స్తంభం పక్కన సదానందం నిలబడి ఉన్నాడు, జుట్టంతా నెరిసిపోయింది, భుజం మీద తువాల. పొద్దున్నుంచి నా వైపు చూడలేదు. గెలవబోతున్న మనిషిలా లేడు. పెళ్లిలో లేచి బయటికి పోయినప్పటిలాగే ఉన్నాడు. ఆయన ఇన్నేళ్లూ నన్ను చెల్లె అనే పిలిచాడు, ఒక్కనాడూ పేరు పెట్టి పిలవలేదు. గౌరవం అనుకున్నాను. కోపం వచ్చింది, లేచి వెళ్లి ఆ తువాల పట్టుకుని గుంజి, ఎందుకు చెప్పలేదయ్యా నాకు, నన్ను చూసి ఎన్నిసార్లు నవ్వుకున్నారు మీరిద్దరు అని అరవాలనిపించింది. కానీ ఈ మనిషి నవ్వుకుని ఉండడు. తన చెల్లె పేరుతో ఇంకో ఆడమనిషి చాయ్ తెచ్చిస్తుంటే తాగిన మనిషి ఏం నవ్వుకుంటాడు? ఆ పేరు బేళ్ల మీద ఉంటే ఆయనకు చెల్లె ఉన్నట్టు. అది ఇవ్వమని నేను కోర్టుకు ఈడ్చాను. జమ్మికుంట లారీ మీద ఉన్నది దొంగతనం కాదు, దండ వేసిన ఫొటో లాంటిదే. నేనే ఆ ఇంటికి పోయి ఫొటో నాది, తీసివ్వండి అన్నట్టయింది.

లోపల కుర్చీలు జరిగిన చప్పుడు. నల్లకోట్లు గబగబా లోపలికి పోయాయి, కావ్య ఫైలు సర్దుకుని "వస్తరా మేడమ్, పిలుస్తరు" అని ముందు నడిచింది. నేను లేవలేదు. బంట్రోతు గుమ్మంలోకి వచ్చి, చేతిలో కాగితం చూసి, గొంతు సవరించుకుని కేకేశాడు. "వినోదా!" వరండా అంతా మోగింది. నాకు ఆ పిలుపు ఎవరికో పోతున్నట్టే ఉంది. "వినోదా!" కావ్య లోపలినుంచి తల తిప్పి చూసింది. ఇంకోసారి పిలిస్తే పలకాలి, పలకకపోతే రాలేదని రాసుకుంటారు. అట్లాగే రాసుకోనీ అనిపించింది. "వినోదా!" నేను నోరు తెరిచేలోపే స్తంభం పక్కనుంచి సదానందం రెండడుగులు ముందుకేశాడు. "వస్తంది సార్, వస్తంది" అన్నాడు. అన్నాక తను అన్నది తనకే వినబడినట్టుంది. తువాల నోటికి అడ్డం పెట్టుకున్నాడు, గోడ వైపు తిరిగాడు, ఆ ముసలి భుజాలు వణికిపోతున్నాయి. బంట్రోతుకు ఏమీ అర్థం కాలేదు. నేను లేచి ఆయన పక్కనుంచే లోపలికి నడిచాను.

బోను ఎక్కించి, ప్రమాణం చేయించారు. జడ్జిగారు కళ్లద్దాలు సర్దుకున్నారు. టైపు చేసే ఆమె చేతులు రెడీగా పెట్టుకుంది. కావ్య నా వైపు కనుసైగ చేస్తోంది, గుర్తున్నది కదా అన్నట్టు.

"మీ పేరు చెప్పండమ్మా."

"గొంతు మా ఆయనదే సార్," అన్నాను.

"ఆ ప్రశ్నకు తర్వాత వద్దాం. ముందు పేరు చెప్పాలి, రాసుకోవాలి."

"పేరు కోసమే కేసేసిన సార్. గది నాది గాదు."